రాయి అంటుకునే చోటు

వల్లూరులో చేసిన స్మారకోపన్యాసం పూర్తి పాఠం



ఈరోజు ఎవరి జ్ఞాపకార్థం కూర్చున్నామో ఆయన్ని మనమంతా అయివారు అనే పిలిచాం. పేరు పెట్టి పిలిచినవాళ్లు ఈ ఊళ్లో లేరు. కరపత్రం మీద కూడా పేరు వద్దనీ, అయివారు అంటే చాలుననీ ఆ ఇంటివాళ్లు కోరారు. నేనూ ఆ మాటే పాటిస్తాను.

ఆయనకు మూత్రంలో రాళ్ల జబ్బు ఉండేది. ఎక్కాలు చెప్పిస్తూ చెప్పిస్తూ ఒక్కసారిగా నడుం పట్టుకుని గోడకు ఆనుకునేవారు. చొక్కా తడిసిపోయేది. మేం భయపడి ఆగిపోతే "ఏం లేదు, మీరు చెప్పండ్రా" అనేవారు. ఒకరోజు కాగితం పొట్లం తెచ్చి బల్ల మీద విప్పారు. లోపల నువ్వుగింజ కంటే కాస్త పెద్దది, బెల్లం రంగులో, వేలికి గుచ్చుకునేట్టు ఒక రాయి. "ఇది బయటనుంచి రాలేదు, నా ఒంట్లోనే పుట్టింది. ఎట్లా పుట్టిందో మీలో ఎవరన్నా పెద్దయ్యాక కనుక్కొని నాకు చెప్పండి" అన్నారు.

నేను జీవరసాయన శాస్త్రం చదివాను. వైద్య విద్యార్థులకు అదే చెబుతూ బతుకుతున్నాను. జవాబు చేతికందే నాటికి అడిగిన మనిషి లేరు. అందుకని అడిగిన ఊరికే చెప్పుకుంటున్నాను.

రాళ్ల మాట వస్తే మనం మొదట అనేది బోరు నీళ్ల గురించే. బిందె ఆరితే అడుగున తెల్లగా పొక్కు కడుతుంది. అదే కిడ్నీలోనూ కడుతుందని మన ఊహ. అది పూర్తిగా నిజం కాదు. నీళ్లలోని సున్నం నేరుగా పోయి కిడ్నీలో పేరుకోదు. దారి కొంచెం చుట్టు తిరుగుతుంది, ఆ చుట్టులోనే అసలు కథ ఉంది.

మనకొచ్చే రాళ్లలో సుమారు నాలుగింట మూడు వంతులు కాల్షియం ఆక్సలేట్‌వే. కాల్షియం అంటే సున్నం. ఆక్సలేట్ అంటే పాలకూరలో, తోటకూరలో ఉండేదీ, మన కాలేయం కూడా తయారుచేసేదీ అయిన ఒక పుల్లని పదార్థం. ఈ రెండూ అందరి మూత్రంలోనూ ఉంటాయి. రాయి ఎన్నడూ పడని మనిషి మూత్రంలో కూడా, నీళ్లలో ఎంత కరగగలవో అంతకు మించే ఉంటాయి. సూక్ష్మదర్శిని కింద పెడితే అలాంటివాళ్ల మూత్రంలోనూ చిన్న చిన్న స్ఫటికాలు మెరుస్తాయి. మరి అందరికీ రాళ్లు రావాలి కదా? రావు. ఎందుకు రావు అన్నదే అయివారి ప్రశ్నకు అసలు తాళంచెవి.

1978లో ఫిన్లేసన్, రీడ్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఒక లెక్క వేశారు. కిడ్నీలో మూత్రం ప్రయాణించే సన్నని గొట్టాలున్నాయి. వాటిని మూత్రం కొద్ది నిమిషాల్లోనే దాటేస్తుంది. ఆ కాస్త వ్యవధిలో ఒక స్ఫటికం గొట్టానికి అడ్డుపడేంత పెద్దది కాగలదా? కాలేదని లెక్క తేలింది. ప్రవాహంలో కొట్టుకుపోయే స్ఫటికం రాయి కాదు. ఎక్కడో ఒకచోట అంటుకుని, నిలబడి, నిదానంగా పెరిగితేనే రాయి అవుతుంది. వాగులో ఇసుక రేణువు సాగిపోతూనే ఉంటుంది. కంపకు తట్టుకున్న చోటే మేట వేస్తుంది. కిడ్నీలో ఆ కంప ఏది?

ఆరోగ్యంగా ఉన్న గొట్టం లోపలి గోడ నున్నగా ఉంటుంది, స్ఫటికాలు జారిపోతాయి. గోడలోని కణాలకు దెబ్బ తగిలితే వాటి పైపొర తిరగబడుతుంది, లోపల దాగాల్సిన కొవ్వులు బయటికి వస్తాయి, జిగట పదార్థాలు పైకి తేలుతాయి. అక్కడ స్ఫటికం పట్టుకుంటుంది. ఆ దెబ్బ కొట్టేది కూడా చాలాసార్లు ఆక్సలేట్, దాని స్ఫటికాలే. ఫ్లోరిడా విశ్వవిద్యాలయంలో సయీద్ ఖాన్, ఆయన తోటివారు దశాబ్దాలుగా చూపిస్తున్నది ఇదే. ఆక్సలేట్ తగలగానే కిడ్నీ కణం ఊరుకోదు. లోపల ఆక్సిజన్‌ను మండించి, చురుకైన, నిలకడలేని రూపాలను బయటికి చిమ్ముతుంది. వాటినే ఫ్రీ రాడికల్స్ అంటున్నాం. అవి ఎక్కువై, వాటిని అణచే శక్తి తక్కువైన స్థితికి 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రజ్ఞుడు ఆక్సిడేటివ్ స్ట్రెస్ అని పేరు పెట్టాడు. మనం ఆక్సీకరణ ఒత్తిడి అంటున్నాం. ఈ పేరు నోటికి కష్టంగానే ఉంది. విషయం మాత్రం ఈ ఊరి వాళ్లకు తెలియనిది కాదు.

విత్తనానికని ఎత్తిపెట్టిన శెనక్కాయలు ఏడాది దాటాక వలిచి నోట్లో వేసుకున్నారా ఎప్పుడైనా? ముక్క వాసన వస్తుంది, నాలుక చివర చేదు తగులుతుంది. విత్తనం చూడటానికి బాగానే ఉంటుంది, లోపలి నూనె చెడింది. గింజలో దాదాపు సగం నూనే కదా. ఆ నూనెలోని కొవ్వు గొలుసులకు ఆక్సిజన్ పట్టుకుంటుంది, గొలుసు తెగుతుంది, తెగిన గొలుసు పక్కదాన్ని పట్టుకుని దాన్నీ తెంపుతుంది. గడ్డివామికి ఒక మూల నిప్పు పడినట్టే. ఒకసారి మొదలైతే దానంతటదే నడుస్తుంది. మన ఒంట్లోని ప్రతి కణం చుట్టూ ఉన్న పొర కూడా కొవ్వుతో అల్లినదే. కిడ్నీ కణంలో ఆక్సలేట్ రేపిన నిప్పు ఆ పొరను పట్టుకుంటే జరిగేది అచ్చంగా ఇదే. కణం పొర ముక్కిపోతుంది. శాస్త్రం దీనికి లిపిడ్ పెరాక్సిడేషన్ అని పేరు పెట్టింది. ఆ ముక్కిపోయిన చోటే స్ఫటికం అంటుకుంటుంది.

శెనక్కాయ ఎందుకు వెంటనే చెడిపోదు? ఏడాది దాకా ఎందుకు ఆగుతుంది? ఆ నూనెలోనే ఇ విటమిన్ ఉంది కాబట్టి. 1922లో ఎవాన్స్, బిషప్ అనే శాస్త్రజ్ఞులు కనుగొన్న ఈ విటమిన్ కొవ్వులోనే కరుగుతుంది, కొవ్వు పొరలోనే కూర్చుంటుంది. గొలుసు తెగి నిప్పు సాగబోతుంటే తన హైడ్రోజన్ ఒకటి ఇచ్చి అక్కడికక్కడ ఆర్పుతుంది. ఆర్పినప్పుడల్లా తానే కాలిపోతుంది. కాలిన ఇ విటమిన్‌ను మళ్లీ బతికించేది పొర అంచున, నీళ్ల వైపున కాచుకుని ఉన్న సి విటమిన్. దానికి గ్లూటాథయోన్ అనే ఇంకో పదార్థం చేయందిస్తుంది. సూపరాక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్ అనే ఎంజైములు అసలు నిప్పురవ్వలనే తగ్గిస్తుంటాయి. వామి అంటుకుంటే ఊరంతా వరసకట్టి బిందెలు చేతులు మార్చుకుంటాం చూడండి, అలాంటి వరస ఇది. వరసలో ఒకరు లేకపోతే మిగతావాళ్ల బిందెలు నిండినా మంట దగ్గరికి చేరవు.

ఇదంతా కంటితో చూడగలమా? ఒక మేరకు చూడొచ్చు. కొవ్వు చెడినప్పుడు మాలోన్‌డైఆల్డిహైడ్ అనే ముక్క విడివడుతుంది. రోగి రక్తపు సీరంలో థయోబార్బిట్యూరిక్ ఆమ్లం కలిపి, మరిగే నీళ్లలో పెట్టి తీస్తే గులాబీ రంగు వస్తుంది. ఎంత చిక్కని గులాబీ ఉంటే అంత కొవ్వు ముక్కిందన్నమాట. 532 నానోమీటర్ల కాంతిలో దాన్ని కొలుస్తారు. నా విద్యార్థులకు ఈ పరీక్ష చూపించిన ప్రతిసారీ వాళ్ల ముఖాలు మారడం చూస్తాను. అప్పటిదాకా పుస్తకంలో పేరుగా ఉన్నది గాజుగొట్టంలో రంగై నిలబడుతుంది. అదే బల్ల మీద మూత్రంలో ఫాస్ఫేట్ కొలిచే నీలిరంగు పరీక్షను ప్రపంచానికి ఇచ్చినవారిలో ఒకరు భీమవరంలో పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావు. ఫిస్కే అనే శాస్త్రజ్ఞుడితో కలిసి 1925లో దాన్ని ప్రచురించారు. రాళ్ల రోగి మూత్రాన్ని పరీక్షించడంలో తెలుగువాడి చేయి వందేళ్ల కిందటే ఉంది. ఈ మాట పిల్లల కోసం చెప్పాను.

సరే, కొలిస్తే ఏం తేలింది? మన దేశంలోనూ బయటా ఆస్పత్రులకు వచ్చిన రాళ్ల రోగుల రక్తం పరీక్షించినవాళ్లు మళ్లీ మళ్లీ చెప్పింది ఒకటే. ఆ గులాబీ రంగు ఎక్కువ. సి, ఇ విటమిన్లు, ఎ విటమిన్‌కు మూలమైన కెరోటిన్లు తక్కువ. మద్రాసు విశ్వవిద్యాలయంలో సెల్వం గారు ఈ విషయం మీద ఏళ్ల తరబడి పనిచేసి, 2002లో ఆ పరిశోధన అంతటినీ ఒకచోట కూర్చి రాశారు. అమెరికాలో దేశవ్యాప్తంగా జరిగిన పోషకాహార సర్వే లెక్కలు తీసి 2011లో ఇద్దరు పరిశోధకులు చూశారు. రాయి పడిందని చెప్పినవాళ్ల రక్తంలో ఆల్ఫా కెరోటిన్, బీటా కెరోటిన్, బీటా క్రిప్టోక్సాంథిన్ తక్కువగా కనబడ్డాయి. బొప్పాయికి, గుమ్మడికి ఆ పసుపు రంగునిచ్చేవి ఇవే.

ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. విటమిన్ తక్కువగా ఉందంటే రెండు అర్థాలు. తిండిలో రాలేదు కాబట్టి తక్కువ, దానివల్ల రాయి వచ్చింది అన్నది ఒకటి. రాయి వచ్చి మంట రేగింది, దాన్ని ఆర్పడంలో ఉన్నది ఖర్చయిపోయింది అన్నది రెండోది. కరువేడు కణజంలో గింజ తక్కువుంటే పండలేదని అనుకోవచ్చు, తినేశారని కూడా అనుకోవచ్చు. ఒక్కరోజు వెళ్లి కణజం తొంగి చూసి ఏదని తేల్చలేం. నొప్పితో ఆస్పత్రికి వచ్చిన రోజు తీసిన రక్తం అలాంటి ఒక్కరోజు చూపే. ఈ తేడా పట్టించుకోకుండా, తక్కువగా ఉంది కాబట్టి బిళ్లలు మింగించండి అని రాసేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది. దాని సంగతికి వస్తాను.

అంతకన్నా ముందు మన నీళ్ల మాట. వల్లూరు ఉన్న ఈ పావగడ తాలూకా నీళ్లలో ఫ్లోరైడ్ ఉందని ఇక్కడ ఎవరికీ చెప్పనక్కర్లేదు. పళ్ల మీది గోధుమరంగు చారలు చెబుతాయి, వంగిన నడుములు చెబుతాయి. తెలుగు నేలకు ఇది పాత కష్టమే. 1937లో షార్ట్ అనే పరిశోధకుడు, ఆయన సహచరులు మద్రాసు రాజధానిలో ఫ్లోరోసిస్ ఉందని మొదట రాసింది నెల్లూరు జిల్లా పల్లెలు చూసే. 1955లో సిద్దీఖీ నల్గొండ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. పళ్లు, ఎముకలు అందరూ చూశారు. మూత్రపిండాన్ని అడిగినవాళ్లు తక్కువ.

అడిగినవారిలో ముఖ్యులు ఉదయపూర్ వైద్య కళాశాలకు చెందిన పి.పి. సింగ్ గారి బృందం. 2001లో వాళ్ల పరిశోధన అచ్చయింది. రాజస్థాన్ గిరిజన పల్లెల్లో తాగేనీటిలో లీటరుకు 3.5 నుంచి 4.9 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్న చోట్లను, లేని చోట్లను పోల్చారు. మన దేశపు ప్రమాణం ప్రకారం 1 ఉండాలి, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 దాకా సహించవచ్చు. ఫ్లోరైడ్ ఉన్న ప్రాంతంలో మూత్రపు రాళ్లు 4.6 రెట్లు ఎక్కువగా కనబడ్డాయి. ఆ ప్రాంతంలోనే ఫ్లోరోసిస్ పట్టినవాళ్లకు, పట్టనివాళ్ల కంటే దాదాపు రెట్టింపు. వాళ్ల మూత్రంలో ఆక్సలేట్ ఎక్కువ పోతోంది. విచిత్రమేమంటే, గాజుపాత్రలో చూసినప్పుడు ఫ్లోరైడ్ స్ఫటికాలను పుట్టించనూ లేదు, ఒకదానికొకటి అతికించనూ లేదు. ఒంట్లో మాత్రం అది మూడు దారుల్లో సాయపడుతుండవచ్చని వాళ్లు రాశారు. కరగని కాల్షియం ఫ్లోరైడ్‌గా పోవడం, ఆక్సలేట్‌ను పెంచడం, ఆక్సీకరణ భారాన్ని కొద్దిగా పెంచడం.

ఆ మూడో మాట మొదటిసారి చదివినప్పుడు నాకు మన ఊరే కళ్ల ముందు మెదిలింది. నీళ్లలోని సున్నం పొక్కు కట్టినట్టు కిడ్నీలో కట్టదన్నాను కదా. నీళ్లకూ రాళ్లకూ సంబంధం లేదని మాత్రం అనుకోకండి. కంటికి కనబడే పొక్కు కన్నా, రంగూ రుచీ లేని ఫ్లోరైడ్ మీద మనకు ఎక్కువ అనుమానం ఉండాలి. ఉదయపూర్ లెక్కను తెచ్చి వల్లూరుకు అంటగట్టను. 4.6 అన్నది వాళ్ల ఊళ్ల అంకె. ప్రశ్న మాత్రం మనది కూడా.

శ్రీకాకుళం ఉద్దానంలో కిడ్నీలు పాడైపోతున్న సంగతి వినే ఉంటారు. చాలామంది దాన్నీ రాళ్ల జబ్బునూ కలిపి మాట్లాడతారు. అది వేరు. అక్కడ రాళ్లు లేకుండానే కిడ్నీలు నిదానంగా కుంగిపోతున్నాయి. భయపడాల్సినదానికే భయపడదాం.

విటమిన్లకూ రాళ్లకూ సంబంధం ఉందన్న మాట ఈనాటిది కాదు. నీలగిరి కొండల్లోని కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ అనే శాస్త్రజ్ఞుడు ఎలుకలకు రకరకాల తిండ్లు పెట్టి చూసేవాడు. ఎ విటమిన్ చాలని గోధుమపిండి తిండి తిన్న ఎలుకలకు మూత్రాశయంలో రాళ్లు పుట్టాయి. తిండి సరిచేస్తే రాళ్లు రాలేదు. 1931లో భారతదేశంలో రాళ్లకు కారణం ఏమిటన్న ఉపన్యాసంగానే దాన్ని ప్రచురించాడు. ఆ కూనూరు ప్రయోగశాలే 1958లో హైదరాబాదుకు తరలివచ్చి, తర్వాత జాతీయ పోషకాహార సంస్థ అయింది. ఆ రోజుల్లో రాళ్ల జబ్బు అంటే పేదపిల్లల మూత్రాశయంలో రాయి. తిండి కాస్త మెరుగయ్యాక పిల్లల్లో అది తగ్గింది. ఇప్పుడు మనం చూసేది పెద్దవాళ్ల కిడ్నీలో పుట్టే ఆక్సలేట్ రాయి. మెక్‌కారిసన్ ఎలుకల కథ దీనికి యథాతథంగా వర్తించదు. తిండిలో లోపం కణాల గోడను బలహీనపరుస్తుంది, బలహీనపడ్డ గోడ మీదే రాయి కూర్చుంటుంది అన్న చూపు మాత్రం ఆయన దగ్గర మొదలైందని నా అభిప్రాయం.

ఇప్పుడు బిళ్లల సంగతి.

ఇ విటమిన్ విషయం ఆశ పుట్టించేదే. డెట్రాయిట్‌లో తమిళ్‌సెల్వన్, మణి మీనన్ ఎలుకల ఒంట్లోకి ఆక్సలేట్ ఎక్కిస్తూ, కొన్నిటికి ఇ విటమిన్ ఎక్కువగా పెట్టారు. పెట్టిన ఎలుకల కిడ్నీలకు స్ఫటికాలు అంటుకోలేదు. ఇది 2005లో అచ్చయింది. సిద్ధాంతం నిలబడింది, సంతోషం. కానీ ఇ విటమిన్ మింగిన మనుషులకు రాళ్లు రావడం ఆగిందని ఏళ్ల తరబడి, పెద్ద సంఖ్యలో జరిపి తేల్చిన పరీక్ష ఏదీ లేదు. పైగా మగవాళ్లకు రోజుకు 400 యూనిట్ల ఇ విటమిన్ ఇచ్చి చూసిన పెద్ద అమెరికా పరీక్షలో ప్రోస్టేట్ క్యాన్సర్ 17 శాతం పెరిగిందని 2011లో తేలింది. ఫిన్లాండులో పొగతాగేవాళ్లకు బీటా కెరోటిన్ బిళ్లలిస్తే ఊపిరితిత్తుల క్యాన్సర్ తగ్గకపోగా పెరిగింది. కాయలో ఉన్నప్పుడు మేలుచేసేది బిళ్లలో కుక్కినప్పుడు అదే మేలు చేస్తుందని నమ్మడానికి లేదు. వరసలో ఒక్కరి చేతికే వంద బిందెలిస్తే మంట ఆరదు.

సి విటమిన్ ఇంకా జాగ్రత్తగా చూడాల్సినది. దీని గురించి గట్టిగా చెప్పాలనే ఈ అంశం ఎంచుకున్నాను. కరోనా కాలంలో మనమంతా పుల్లటి బిళ్లలు చప్పరించాం. కొందరికి ఆ అలవాటు ఇంకా పోలేదు. పిల్లలకు మిఠాయిలా ఇచ్చేవాళ్లున్నారు. రాయి పడిన మనిషికి ఒంట్లో సి విటమిన్ తక్కువని పరీక్షలో రాగానే వెయ్యి మిల్లీగ్రాముల బిళ్ల రాసిన చీటీలు నా కంటితో చూశాను. ఎవరు రాశారన్నది ఇక్కడ అవసరం లేదు. చీటీ రాసినవారు మంచి మనసుతోనే రాసి ఉంటారు. కానీ సి విటమిన్ ఒంట్లో విరిగినప్పుడు దానిలో కొంత భాగం ఆక్సలేట్‌గా మారి మూత్రంలోకి వస్తుంది. ఏ ఆక్సలేట్ రాయికి మూలమో ఆ ఆక్సలేట్‌గానే. నిప్పు ఆర్పడానికని తెచ్చిన బిందెలో నీళ్లతో పాటు కొంత కిరసనాయిలు ఉన్నట్టు. 2003లో ఒక బృందం రోజుకు రెండు గ్రాముల సి విటమిన్ ఇచ్చి చూస్తే, రాళ్లున్నవాళ్ల మూత్రంలో ఆక్సలేట్ 61 శాతం పెరిగింది. స్వీడన్‌లో 23 వేల మందికి పైగా మగవాళ్లను 11 ఏళ్లు గమనించారు. సి విటమిన్ బిళ్లలు మింగేవాళ్లకు రాళ్లు వచ్చే ప్రమాదం దాదాపు రెట్టింపని 2013లో ప్రకటించారు. వాళ్ల బిళ్ల సాధారణంగా వెయ్యి మిల్లీగ్రాములది. ఆడవాళ్ల మీద జరిగిన వేరే అధ్యయనాల్లో ఈ ముప్పు అంత స్పష్టంగా కనబడలేదు.

మనిషికి రోజుకు కావలసింది ఎంత? హైదరాబాదు పోషకాహార సంస్థ 2020లో ఇచ్చిన లెక్క ప్రకారం మగవాళ్లకు 80, ఆడవాళ్లకు 65 మిల్లీగ్రాములు. నూరు గ్రాముల జామకాయలో 200 మిల్లీగ్రాముల పైనే ఉంటుంది. ఉసిరికాయలో సుమారు 250. ఒక చిన్న జామకాయ తిన్నవాడికి ఆ రోజు సి విటమిన్ లెక్క తీరిపోయింది. దాని మీద వెయ్యి మిల్లీగ్రాముల బిళ్ల ఎందుకు? రాయి ఒకసారి పడినవాళ్లు, ముఖ్యంగా మగవాళ్లు, వైద్యుడు ప్రత్యేకమైన కారణం చెబితే తప్ప ఆ బిళ్ల జోలికి పోవద్దు. ఇది నా ఖచ్చితమైన మాట.

అయితే తిండి ఏం తినాలి? శెనక్కాయల గురించి అడుగుతారని తెలుసు. వాటిలో ఇ విటమిన్ ఉంది, ఆక్సలేట్ కూడా ఉంది. రాయి ఉన్నవాళ్లు మానెయ్యక్కర్లేదు, దోసెళ్లకు దోసెళ్లు తినవద్దు, పిడికెడు తిని మజ్జిగ తాగండి. మజ్జిగ ఎందుకంటే అందులోని సున్నం పేగులోనే ఆక్సలేట్‌ను పట్టుకుని మలంలో పంపేస్తుంది. ఇక్కడే మనవాళ్లు తరతరాలుగా ఒక తప్పు చేస్తున్నారు. రాయి సున్నంతో ఏర్పడుతుంది కాబట్టి పాలు, పెరుగు, రాగిముద్ద మానేయమంటారు. ఇటలీలో బోర్గీ అనే వైద్యుడు దీన్ని సూటిగా పరీక్షించాడు. 120 మంది మగవాళ్లను రెండుగా విడదీశారు. ఒక వర్గానికి సున్నం తగ్గించిన తిండి. ఇంకో వర్గానికి సున్నం మామూలుగా ఉంచి ఉప్పు, మాంసం తగ్గించిన తిండి. ఐదేళ్లయ్యాక చూస్తే సున్నం తగ్గించినవాళ్లలో 23 మందికి మళ్లీ రాయి వచ్చింది, రెండో వర్గంలో 12 మందికే. 2002లో వచ్చిన ఈ ఫలితం ఇంకా మన ఇళ్లదాకా చేరలేదు. పెరుగు మానకండి, సంగటి మానకండి. తగ్గించాల్సింది ఊరగాయలో ఉప్పు.

పాలకూర, తోటకూర తినాలనిపిస్తే ఉడికించి ఆ నీళ్లు పారబోయండి, ఆక్సలేట్ కొంత పోతుంది. మెంతాకు, గుమ్మడి, బొప్పాయి, కాలం వస్తే మామిడి, వీటిలో ఆ పసుపు కెరోటిన్లున్నాయి. ఒక నిమ్మకాయ నీళ్లలో పిండుకోండి. అందులోని సిట్రేట్ సున్నాన్ని పట్టుకుని ఆక్సలేట్‌తో కలవనీయదు.

ఉలవలు, కొండపిండి ఆకు గురించి చెప్పకుండా దిగిపోతే మా అమ్మ ఒప్పుకోదు. కొండను పిండి చేసేదని ఆ చెట్టుకు పేరే పెట్టుకున్నాం. ఉలవకట్టు ప్రతి ఇంట్లోనూ రాళ్ల మందే. ఇవి స్ఫటికాలను కొంత అడ్డుకుంటాయని ప్రయోగశాలల్లో కనబడింది, కణాల మంటను తగ్గించే గుణమూ కనబడింది. ఉన్న రాయిని కరిగిస్తాయని మనుషుల్లో గట్టిగా రుజువు కాలేదు. ఉలవకట్టు తాగితే తప్పు లేదు, పలచగా కాచి గ్లాసు నిండా తాగితే నీళ్లూ ఒంట్లోకి వెళతాయి. జ్వరం వచ్చినా, మూత్రం ఆగిపోయినా, రెండువైపులా నొప్పి ఉన్నా ఆకులు నూరుతూ ఇంట్లో కూర్చోవద్దు. ఆ రోజే ఆస్పత్రికి పోవాలి. మూసుకుపోయిన కిడ్నీలో చీము చేరితే గంటల్లో ప్రాణం మీదికి వస్తుంది.

ఇక అన్నిటికన్నా పెద్ద మందు. ఇదే బోర్గీ 1996లో ఇంకొక పని చేశాడు. మొదటిసారి రాయి పడిన 199 మందిని తీసుకుని సగం మందికి నీళ్లు ఎక్కువ తాగమన్నాడు, సగం మందికి ఏమీ చెప్పలేదు. ఐదేళ్లలో నీళ్లు తాగినవాళ్లలో 12 శాతానికి, తాగనివాళ్లలో 27 శాతానికి మళ్లీ రాయి వచ్చింది. ఏ విటమిన్ బిళ్లకూ ఈ బలం ఉందని ఇంతవరకు ఎవరూ చూపలేదు. రోజుకు రెండున్నర లీటర్ల మూత్రం పోయేంత తాగాలి. మూత్రం నీళ్లలా తెల్లగా పోవాలి, నూనెలా పచ్చగా కాదు.

ఈ మాట బెంగళూరులో చెప్పడం తేలిక. ఇక్కడ చెబుతున్నప్పుడు నా గొంతు పట్టుకుంటోంది. ఏ నీళ్లు తాగమని చెప్పను? ఫ్లోరైడ్ బోరు నీళ్లు రోజుకు నాలుగు లీటర్లు తాగమంటే ఒక జబ్బుకు మందిస్తూ ఇంకో జబ్బును పోసినట్టే. మూడు వైపులా ఆంధ్ర, మధ్యలో ఎండిన చెరువులు, వేసవిలో బోరు ఎంత లోతుకు పోతుందో మీకు నాకంటే బాగా తెలుసు. తిరుమణి, వల్లూరు, బలసముద్రం, క్యాతగానచెర్లు, రాయచెర్లు, ఈ ఐదు ఊళ్ల 13 వేల ఎకరాల మీద ఇప్పుడు సౌర ఫలకాలున్నాయి. 2018 మార్చిలో ప్రారంభమై 2050 మెగావాట్లకు పెరిగిన పార్కు అది. ఆ ఫలకాల మధ్య గడ్డి కోసేవాళ్లు, అద్దాలు తుడిచేవాళ్లు, కాపలా కాసేవాళ్లు మన పిల్లలే. గాజు నుంచి వెనక్కొచ్చే వేడిలో ఎనిమిది గంటలుంటే చెమటగా పోయిన నీళ్లు మూత్రంలోకి రావు. మూత్రం చిక్కబడుతుంది. అమెరికా శాస్త్రజ్ఞులు 2008లో ఎండలు పెరిగేకొద్దీ రాళ్ల జబ్బు ప్రాంతం విస్తరిస్తుందని లెక్కగట్టి చెప్పారు. మన పిల్లలు ఇప్పటికే ఆ ప్రాంతం నడిబొడ్డున పనిచేస్తున్నారు. వాళ్లకు పనిచోట నీడ కావాలి, ఫ్లోరైడ్ తీసిన చల్లని నీళ్లు కావాలి, తాగడానికి, మూత్రానికి వెళ్లడానికి విరామం కావాలి. ఆడకూలీలు మూత్రానికి చోటు లేక పొద్దుటి నుంచి సాయంత్రం దాకా నీళ్లు తాగకుండా ఉంటున్నారని నాకు చెప్పినవాళ్లున్నారు. రాళ్ల గురించి ఎన్ని పరిశోధనలు చదివినా, నన్ను ఇంతగా కలిచివేసిన మాట ఇంకొకటి లేదు.

పొలాలు కౌలుకిచ్చిన ఇళ్లకు ఏటా ఎకరాకు 21 వేలతో మొదలై డబ్బు వస్తోంది. మంచిదే. కానీ పొలంతోపాటు గట్టు మీద గిల్లుకునే ఆకు పోయింది, అనపకాయ పోయింది, గుమ్మడిపాదు పోయింది. కొనుక్కునే కూర అంత తాజాగా, అంత విరివిగా ఇంటికి రాదు. ప్రతి పెరట్లో ఒక జామచెట్టు, ఒక బొప్పాయి, ఒక నిమ్మ పెంచుకుందాం. పాత్రలు కడిగిన నీళ్లతో బతుకుతాయి.

అయివారికి నేను చెప్పాల్సిన జవాబు ఇంతవరకు ఇది: రాయి ఉప్పుల వల్ల పుడుతుంది, గాయం వల్ల నిలుస్తుంది. ఆ గాయాన్ని మాన్పే శక్తి తిండిలో ఉంది, నీళ్లు దానికి ముందు నిలబడతాయి. ఇంకా తెలియాల్సింది చాలా ఉంది. ఈ ఊరి నీళ్లలోని ఫ్లోరైడ్ ఈ ఊరి రాళ్లలో ఎంత చేరిందో ఈ ఊరి రాళ్లే చెప్పాలి.

అందుకే ఒక విన్నపం. మూత్రంలో రాయి పడిందని అనుమానం వచ్చిన రోజు పలచని గుడ్డలో వడగట్టి మూత్రం పోయండి. రాయి దొరికితే పారేయకండి. కడిగి, ఆరబెట్టి, అయివారు చేసినట్టే కాగితంలో పొట్లం కట్టి, మీ పేరు, వయసు, ఏ బోరు నీళ్లు తాగుతారో రాసి బడిలో ఇవ్వండి. దాన్ని పరీక్షకు చేర్చే బాధ్యత నాది.